శూన్యమున మిట్టపల్లములు

మా పాఠశాల విజ్ఞానసంఘపు బాలబాలికలు ఈ సంవత్సరము ఒక ఆటను కల్పించుచున్నారు. పెద్ద అట్టపై ఆరు కోణముల గడులు గీచి, రెండు పక్షముల నౌకలను నిలిపి, గ్రహములను ఒకటొకటిగా వశపరచుకొనుట ఆ ఆట యొక్క లక్ష్యము. నియమములన్నియు తెలుగున వ్రాయవలెనని సంఘము తీర్మానించినందున ఆ కాగితములు దిద్దుటకై నా యొద్దకు వచ్చినవి. చదువగా, భాషకంటె పెద్ద తగవొకటి వానియందు కనబడినది. అంతరిక్షమనగా శూన్యము గదా, కావున గడులన్నియు ఖాళీగా, సమానముగా నుండవలెనని ఒక పక్షము. బెంగుళూరున ఉద్యోగము చేయు అన్నల యొద్ద కంప్యూటరు ఆటలు చూచి వచ్చిన రెండవ పక్షమువారు, నీహారికలు, కృష్ణబిలములు, గ్రహశకలములు పటముపై ఉండితీరవలెనందురు. సంచిక సంపాదకులు ఈ విషయమున నా అభిప్రాయమడిగిరి. నేను రెండవ పక్షమువాడనే. అయితే వారు చెప్పు కారణములకు మాత్రము కాదు.

"చూచుటకు బాగుండును" అనునది వారి కారణము. చూడ్కికి బాగుండుట మంచిదే. కాని వ్యూహక్రీడలో పటము బొమ్మ కాదు, అది నేల. నేల తీరు తెలియనివాడు సేనను నడుపలేడని మనవారు ఏనాడో గుర్తించిరి. కౌటిల్యుడు అర్థశాస్త్రమున దుర్గములను నీటికోట, కొండకోట, ఎడారికోట, అడవికోట అని నాలుగు విధములుగా చెప్పి, కాల్బలమునకు, గుఱ్ఱములకు, రథములకు, ఏనుగులకు ఏయే నేల అనుకూలమో వేఱొకచోట విడివిడిగా వివరించెను. అంత దూరము పోనేల? మన కృష్ణగిరి కొండను చూడుడు. 1791లో ఆంగ్లేయుల సైన్యము క్రింది పేటను పట్టుకొనగలిగినది గాని, పైకోటను ఎక్కలేక వెనుదిరిగినది. అక్కడ సగము యుద్ధము చేసినది కొండయే.

పిల్లలు ఎఱిగిన ఆటలనే తీసికొందము. పులిజూదపు గీతలు మన పల్లెలలో గుడి అరుగుల రాళ్లపై నేటికిని కనబడును. ఆ పటమున అన్ని చోట్లు సమానములు కావు. శిఖరమున నున్న పులికి దిగుటకు దారులు పెక్కు. అంచున చిక్కిన పులికి దారి మూయుట మేకలకు సులభము. అష్టాచెమ్మలో గుర్తు గల గడియందున్న కాయను ఎవరును చంపలేరు. ఇవి యన్నియు నేల తీరులే. "చదరంగమున అఱువదినాలుగు గడులును సమానమే గదా, అది గొప్ప ఆట కాదా?" అని మా గణితోపాధ్యాయులు ఆక్షేపించిరి. గొప్ప ఆటయే. కాని చదరంగము ఒక చోటును గూర్చిన ఆట కాదు, రెండు బుద్ధులను గూర్చిన ఆట. మా పిల్లలు కల్పించునది అంతరిక్షమను చోటును గూర్చినది. చోటు పేరు చెప్పి, చోటు గుణము చెప్పకున్నచో, ఆ గడులకు అంతరిక్షమని పేరు పెట్టనేల? హోసూరు సంతవీధి యని పెట్టినను ఆట ఏమియు మాఱదు.

అటులని కనబడిన గడినెల్ల ఏదో ఒక వింతతో నింపుటయు తగదు. వైకుంఠపాళి పటమునిండ పాములు, నిచ్చెనలు. కాని పాము నోట పడుటయు, పడకుండుటయు గవ్వల చేతిలో నున్నవి. ఆడువాని బుద్ధికి అందు పని లేదు. రెండవ పక్షమువారు వ్రాసిన మొదటి నియమమిది: కృష్ణబిలపు గడిని త్రొక్కిన నౌక పాచిక వేయవలెను, ఒకటి పడినచో నౌక నశించును. ఇది కృష్ణబిలము కాదు, నల్లరంగు పూసిన పాము. నేల తీరు అనునది ఆడువాడు ముందుగానే చూచి, లెక్కవేసి, కోరి చేరునది గాని తప్పుకొని పోవునది గాని కావలెను. ఒకనికి అడ్డమైనది వేఱొకనికి ఆసరా కావలెను. ఆ గుణము లేనిదానిని పటముపై ఎక్కించుటకు నేను సమ్మతింపను.

కంప్యూటరు ఆటలు కల్పించినవారును ఈ భేదమును క్రమముగానే తెలిసికొనిరి. అంతరిక్ష యుద్ధమును గూర్చిన తొలి ఆటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది స్పేస్ వార్. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, పి.డి.పి.-1 అను యంత్రముపై, 1962లో స్టీవ్ రస్సెల్ అను యువకుడును ఆయన మిత్రులును దానిని సిద్ధపఱచిరి. రెండు నౌకలు తిరుగాడుచు ఒకదానిపై నొకటి గుండ్లు వేయుటయే ఆట. మిత్రులలో ఇద్దరు దానికి చెఱియొక వస్తువును చేర్చిరి. పీటర్ శాంసన్ నిజమైన ఆకాశమునందలి నక్షత్రములను, వాని కాంతి భేదములతో సహా, వెనుక తెరగా అమర్చెను. డాన్ ఎడ్వర్డ్స్ తెర నడుమ ఒక నక్షత్రమును నిలిపి దానికి ఆకర్షణశక్తి నిచ్చెను. మొదటిది కన్నులపండువు. రెండవది ఆటనే మార్చివేసినది. ఊరకున్న నౌక ఆ నక్షత్రమున పడి మాడిపోవును. నేర్పరి దాని ప్రక్కనుండి దూసికొనిపోయి ఆ ఆకర్షణనే తన వేగముగా మలచుకొనును. యంత్రపు శక్తి చాలనందున గుండ్లకు మాత్రము ఆకర్షణ తగులకుండ విడిచిరి. ఆ లోటుతోనే అది ఎన్నో యేండ్లు ఆడబడినది.

1993లో వచ్చిన మాస్టర్ ఆఫ్ ఓరియన్ అను ఆటలో నీహారిక నడుమ పోవు నౌకల వేగము తగ్గును. వాని రక్షణ కవచములు అచట పనిచేయవు. 2016లో స్వీడను దేశమువారు వెలువరించిన స్టెల్లారిస్ అను ఆట చరిత్ర మఱింత ఉపదేశకరము. అందు మొదట నౌకలు మూడు విధములుగా ప్రయాణింపవచ్చును. కొన్నింటికి దారితో పనియే లేదు, ఎటు కావలెనన్న అటు పోవును. అటువంటి పటమున కనుమ లేదు, కాపు కాయుటకు చోటు లేదు. 2018 ఫిబ్రవరిలో వచ్చిన పెద్ద సవరణతో నౌకలన్నియు నక్షత్రమునుండి నక్షత్రమునకు ఏర్పడిన దారులవెంటనే పోవలెనని నిర్ణయించిరి. పలువురు ఆటగాండ్రు కోపగించుకొనిరి కూడ. ఆ సవరణతోనే నేల తీరులును వచ్చినవి: నీహారిక లోపలి నౌకలు వెలుపలివారికి కనబడవు, పల్సారు నొద్ద కవచములు పనిచేయవు, న్యూట్రాను నక్షత్రము చెంత నడక మందగించును, కృష్ణబిలము కడ యుద్ధము విడిచి పాఱిపోవుట కష్టము. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వాక్యము మాత్రమే. ఆ పొదుపును మా పిల్లలు నేర్వవలెను. వారు ఒక్క గ్రహశకలములకే పదునొకండు నియమములు వ్రాసిరి. ఆడునపుడు అవి ఎవరికిని జ్ఞాపకముండవు.

ఇక సత్యమును గూర్చి. ఆటయందు అబద్ధముండకూడదని నేననను. పులి మేకను దూకి చంపుట ఏ అడవిలోను జరుగదు. కాని శాస్త్రపు పేరు పెట్టిన వస్తువు శాస్త్రము చెప్పిన గుణముతో నుండవలెనని కోరుట అన్యాయము కాదు. సినిమాలలో గ్రహశకలముల నడుమ నౌకలు సందులు దూరుచు పోవుట పిల్లలందఱును చూచినదే. నిజమునకు కుజునికి బృహస్పతికి నడుమనున్న ఆ వలయమున శకలమునకు శకలమునకు సగటున సుమారు 10 లక్షల కిలోమీటర్ల ఎడముండును. 1972లో పయొనీర్-10 నౌక తొలిసారిగా అందు ప్రవేశించి, మఱుసటి సంవత్సరము క్షేమముగా ఆవల తేలినది. వలయములోని రాళ్లన్నియు కుప్పవేసినను మన చంద్రుని బరువులో నూటికి మూడు వంతులు మాత్రమే. కనుక అది గోడ కాజాలదు. గని కావచ్చును.

కృష్ణబిలమును గూర్చిన అపోహ అంతకంటె పెద్దది. అది చుట్టునున్న సమస్తమును చీపురువలె ఊడ్చి మ్రింగునని పిల్లలు తలంతురు. మన సూర్యుడే అదే బరువుతో కృష్ణబిలముగా మాఱెననుకొనుడు. చీకటియు చలియు కలుగునే గాని, భూమి తన దారి విడువదు, ఇప్పటివలెనే చుట్టుచుండును. మిక్కిలి చేరువకు పోయినవానికే ఆపద. మితిమీఱిన బరువు గల నక్షత్రము చివఱకు శ్వేతకుబ్జముగా నిలువజాలదని లెక్కవేసిన సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ మదరాసున చదివినవాడే. 1930లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, ఇంగ్లండుకు పోవు ఓడలో ఆ లెక్క మొదలుపెట్టెను. సూర్యుని బరువునకు సుమారు 1.4 రెట్లు అనునది ఆ హద్దు.

నీహారిక సంగతి అన్నిటికంటె రుచికరము. మృగశిర, ఆర్ద్రలున్న ఓరియన్ రాశిలో కంటికి మసకగా కనబడు నీహారిక సుమారు 24 కాంతిసంవత్సరముల వెడల్పు గలది. మనము పీల్చు గాలి ఒక ఘన సెంటీమీటరు తీసికొన్న, అందు అణువులు 25 ప్రక్కన 18 సున్నలు వేసినన్ని యుండును. నీహారికలో అంతే చోటున కణములు కొన్ని వందలు మొదలుకొని కొన్ని వేలు మాత్రమే. అనగా అది మన ప్రయోగశాలలలోని శూన్యముకంటె శూన్యము. దానిలో నిలిచిన నౌకకు తాను నీహారికలో నున్నట్లే తెలియదు. మఱి అది మఱుగెట్లు చేయును? లోతు వలన. కోట్ల కోట్ల కిలోమీటర్ల పొడవున పలుచని ధూళి ప్రోగుపడినపుడు ఆవలి నక్షత్రములు కనబడకుండ పోవును. చలికాలపు ఉదయమున మన హోసూరు దారులలో మంచు చూడుడు: చేతి యెదుట మంచు లేదు, ఫర్లాంగు దూరములోని చింతచెట్టు మాత్రము లేదు.

కాబట్టి నేను పిల్లలనడిగిన మొదటి ప్రశ్న, "మీ పటముపై ఒక గడి ఎంత దూరము?" అని. ఇరుపక్షములవారును మౌనము వహించిరి. గడి యొక్కటి పది కాంతిసంవత్సరములైనచో నీహారిక మఱుగు న్యాయమే. గడి యొక్కటి కోటి కిలోమీటర్లైనచో నీహారికకు ఆ పటమున చోటే లేదు. నేల తీరును నిర్ణయించునది వింతల పట్టిక కాదు, కొలత. వారి పటముపై కుజుడు, శుక్రుడు, బృహస్పతి ఉన్నారు గనుక అది సూర్యకుటుంబపు పటము. అట్లయిన నీహారికలను, కృష్ణబిలములను నిస్సంకోచముగా తీసివేయవలెను. రెండవ పక్షమువారు ఇది విని చిన్నబుచ్చుకొనిరి. కాని సూర్యకుటుంబమున నేల లేదని నేననలేదు. అక్కడ నున్నంత నేల మఱెక్కడను లేదు.

ప్రతి గ్రహము చుట్టును ఆకర్షణచే ఏర్పడిన లోతు కలదు. దానిలోనుండి పైకెక్కుటకు ఇంధనము వ్యయమగును. దానిలోనికి దిగుచు ప్రక్కగా తప్పుకొనువానికి వేగము లభించును. 1977లో బయలుదేఱిన వాయేజర్-2 బృహస్పతి, శని, యురేనస్, నెప్ట్యూనులను 1979, 1981, 1986, 1989లలో దాటినది. ఒక్కొక్క గ్రహపు లోతు దానిని తరువాతి గ్రహమువైపు విసరినది. ఈ లోతునకు తెలుగేమని చర్చ వచ్చినది. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది సరిహద్దు కావల, చిత్తూరు సీమలో. ఆ అలవాటున గురుత్వకూపము అను సమాసము నాకు తోచినది. అది తప్పు మాట కాదు. కాని తొమ్మిదవ తరగతి బాలిక, రైతుబిడ్డ, లేచి, "అది బాయి కాదు సార్, బాయిలో పడితే ఆడనే ఉంటాము. ఇది పల్లము. దిగి మళ్లా ఎక్కొచ్చు" అన్నది. శాస్త్రము చెప్పునది అదియే. నియమములలో పల్లమనియే వ్రాయించితిని.

ఆ ఒక్క మాటతో దారి తెరచుకొన్నది. సూర్యునికి భూమికి నడుమ, ఇద్దఱి ఆకర్షణయు పరిభ్రమణముతో కలిసి సరితూగు చోటొకటి కలదు. మన ఆదిత్య-ఎల్1 నౌక 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి బయలుదేఱి, 2024 జనవరి 6న భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరముననున్న ఆ చోటి చుట్టు కక్ష్యను చేరినది. అచట నిలిచి ఎడతెగక సూర్యుని చూడవచ్చును. కాని నిలుకడ తక్కువ. అప్పుడప్పుడు కొద్దిగా సర్దుకొనకున్న ఇటో అటో జాఱిపోవును. పిల్లలు దీనికి గట్టు అని పేరు పెట్టిరి. రెండు మళ్ల నడిమి గట్టుపై నడచినవారికి ఇంతకంటె వివరణ అక్కఱలేదు. ఆటలో గట్టుపై నిలిచిన నౌక దూరము చూడగలదు, కాని వంతు వంతునకు కొంచెము ఇంధనము చెల్లింపవలెను.

బృహస్పతి చుట్టునున్న తీవ్ర వికిరణపు వలయములు ముండ్లకంచె. 2016లో అచటికి చేరిన జూనో నౌక తన యంత్రముల ముఖ్యభాగమును టైటానియము పెట్టెలో దాచుకొని, కంచెలో ఎక్కువసేపు నిలువకుండ పొడవాటి కక్ష్యలో తిరుగునట్లు ఏర్పాటయినది. 2024 అక్టోబరులో బయలుదేఱిన యూరోపా క్లిప్పర్ 2030లో బృహస్పతిని చేరవలసియున్నది. అదియు ఈ కంచె భయముననే యూరోపా ఉపగ్రహమును చుట్టుచు కూర్చుండక, మాటిమాటికి వచ్చి చూచి పోవునట్లు నిర్ణయింపబడినది. సూర్యునినుండి వచ్చు గాలివానలు మఱియొక తీరు. 2022 ఫిబ్రవరిలో ఒక్కమాఱుగా పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహములలో చాల భాగము, అటువంటి గాలివాన వలన భూమిపై వాయుమండలము ఉబ్బి అడ్డుపడగా, పైకెక్కలేక కాలిపోయినవి. ఇది పాచికతో నిర్ణయింపదగిన ఒకే ఒక్క తీరు. అయినను ఒక వంతు ముందుగా హెచ్చరిక యుండవలెనని నా పట్టు. మఱల పాము కాకూడదు గదా.

అన్నిటికంటె నాకు నచ్చినది సూర్యుని మాటు. ఇంచుమించు 26 నెలలకొకసారి భూమికి కుజునికి నడుమ సూర్యుడు అడ్డువచ్చును. ఆ కొలది దినములు వార్తలు సరిగా పోవు. 2014 సెప్టెంబరు 24న కుజుని చేరిన మన మంగళ్‌యాన్ సహితము 2015 జూనులో ఈ మాటున పడి కొన్నాళ్లు మూగవోయి, మఱల పలికినది. ఆటలో మాటుననున్న నౌకకు నాయకుని ఆజ్ఞ అందదు. అది ముందు వ్రాసి ఇచ్చిన ఆజ్ఞనే నెరవేర్చవలెను. ఇటువంటి నియమము ఏ కొండకోనల పటమునను దొరకదు. ఏలయన భూమిపై కొండ కదలదు. ఇక్కడ పల్లములు, గట్లు, కంచెలు, మాటులు సర్వమును కదలుచుండును. నేడు దగ్గఱదారియైనది ఆఱు వంతుల తరువాత దారియే కాదు.

తల్లిదండ్రులలో కొందఱు ఈ పనిని అంగీకరింపలేదు. "అయ్యవారూ, ఫోనుతో చెడిపోయేది చాలదా, బడిలో కూడ ఆటలేనా?" అని ఒక తల్లి అడిగినది. ఈ ఆటకు ఫోను అక్కఱలేదమ్మా అని చెప్పితిని; ఒక అట్ట, కొన్ని చింతగింజలు చాలును. మఱియొక తండ్రి అడిగినది ఇంతకంటె బరువైన ప్రశ్న. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, బస్సెక్కి అవతల దిగిన కన్నడము, ఉద్యోగమునకు ఇంగ్లీషు. ఈ నడుమ తెలుగు మాధ్యమమున చదివిన పిల్లవానికి ఈ కాలపు సంగతులు తెలియునా అని. ఆయన కుమారుడు ఈ సంఘమున నున్నాడు. మా తరగతులలో పిల్లల సంఖ్య ఏటేట తగ్గుచున్నదనుట ఆయనకును తెలియును, నాకును తెలియును; మాటలతో ఆయనను ఒప్పింపజూచుట వ్యర్థము. అందుచేత ఆ పిల్లవానిచేతనే సూర్యుని మాటును గూర్చిన నియమమును చదివించితిని. అది నాలుగు వాక్యములు. అందు ఇంగ్లీషు మాట ఒక్కటియు లేదు. లేకుండవలెనని నేను చెప్పనులేదు. తండ్రి రెండుమాఱులు చదివించుకొని, "అయితే ఆ నౌక వానికి జవాబు చెప్పేదానికి ఎన్నాళ్లు కాచుకోవల్ల?" అని అడిగెను. కొడుకు లెక్కగట్టి చెప్పెను.

ఒక నియమము మాత్రము ఇంకను తేలలేదు. గ్రహములు కదలవలెనని ఇరుపక్షములును ఇప్పుడు ఒప్పుకొన్నవి. కాని ఒక వంతు ఎంత కాలము? నెల యనుకొన్న, బుధుడు 88 దినములలో, అనగా మూడు వంతులు నిండకమునుపే, సూర్యుని చుట్టివచ్చును. బృహస్పతికి అదే పని సుమారు 142 వంతులు. మాకున్నది శనివారపు చివఱి గంట, నలుబది నిమిషములు. ఆ లెక్క ప్రస్తుతము గణితోపాధ్యాయుల యొద్ద నున్నది. చదరంగపు పక్షమువారైనను, కాగితము ఇంటికి తీసికొనిపోయిరి.